మీటింగు ఎక్కడ? తాగుడు మానాలనుకునేవారి దారులపై ఒక సమీక్ష

తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో లాటరీ తీసి 3,396 దుకాణాలను ప్రైవేటు వ్యాపారులకు కేటాయించారు. బార్లు, కల్లు దుకాణాలు, ఊళ్లలోని బెల్టు షాపులు ఈ లెక్కలోకి రావు. వీటిలో దగ్గరిది ఎక్కడుందో ఊళ్లోకి కొత్తగా బస్సు దిగినవాడికి కూడా కాసేపట్లో తెలిసిపోతుంది. అదే మనిషి ఒకరోజు పొద్దున్నే వణికే చేతులు చూసుకుని ఇక మానేద్దామనుకుంటే, తనలాంటివాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటు ఎక్కడుందో ఎవరిని అడగాలి? కిరాణా కొట్టాయనకు తెలియదు, ఆర్‌ఎంపీకి తెలియదు. కాలేయానికి పరీక్షలు రాసిన డాక్టరుకు కూడా చాలాసార్లు తెలియదు.

తాగుడు మానడం గురించి తెలుగులో రాసినదంతా దాదాపు రెండు మాటల చుట్టూ తిరుగుతుంది: మద్యం వల్ల కలిగే నష్టాలు, ప్రభుత్వం చేయాల్సిన నిషేధం. మానాలని నిశ్చయించుకున్న మనిషి మర్నాడు ఎక్కడికి వెళ్లాలన్నది ఆ రెంటి మధ్యా జారిపోతుంది. మానినవాళ్లు, మానుతున్నవాళ్లు కలిసి కూర్చునే సహాయక బృందాలు మన దగ్గర ఉన్నాయా, ఉంటే ఎలా చేరుకోవాలి, చేరుకుంటే ఫలితం ఉంటుందా అన్నవి ఇక్కడ చూద్దాం.

ఎంతమందికి కావాలి?

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో సుమారు 16 కోట్లమంది మద్యం తాగుతారు. వారిలో 5.7 కోట్లమందికి తాగుడే సమస్యగా మారి, ఏదో ఒక సాయం అవసరమైంది. అందులోనూ సగంమంది, అంటే దాదాపు 2.9 కోట్లమంది, పూర్తిగా వ్యసనానికి లోబడినవారు. అలాంటివారు 38 మంది ఉంటే ఒక్కరికే ఏదో రూపంలో చికిత్స అందింది. జనాభాలో పది శాతానికి పైగా ఈ సమస్య ఉన్న కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో 43 శాతం, ఆడవారిలో దాదాపు 7 శాతం మంది తాగుతారని తేల్చింది. దేశం మొత్తం మీద ఆ అంకెలు సుమారు 19, 1 మాత్రమే.

తాగే ప్రతివాడూ వ్యసనపరుడు కాడు. తెలంగాణ పల్లెల్లో కల్లు పెళ్లికీ, బోనాలకూ, పనయ్యాక సాయంత్రానికీ తోడు. అయితే అంతమందిలో ఎక్కడ హద్దు దాటారో పోల్చుకోవడం కష్టమవుతుంది. "అందరం తాగేవాళ్లమే కదా" అన్న మాట చాటున ఆ కొందరు ఏళ్లకేళ్లు కనబడకుండా ఉండిపోతారు. సాయం అడిగే వేళకు పొలమో ఉద్యోగమో పోయి ఉంటుంది, లేదా కడుపులోకి నీరు చేరి ఉంటుంది.

హోటల్ లాబీలో మొదలైన వెతుకులాట

ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న మీటింగుల పద్ధతికి మూలం ఆల్కహాలిక్స్ అనానిమస్. వాడుకలో ఏఏ. అది పుట్టిందే ఒక మనిషి ఫోనులో మరో మనిషిని వెతుక్కోవడం నుంచి. 1935 మే నెలలో న్యూయార్క్ షేర్ల దళారి బిల్ విల్సన్ వ్యాపారం పని మీద అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ పట్టణానికి వెళ్లాడు. అతను తాగుడు మాని కొద్ది నెలలే అయింది. వచ్చిన పని చెడింది. మేఫ్లవర్ హోటల్ లాబీలో నిలబడితే ఒకవైపు బారులోంచి మాటలు, నవ్వులు వినబడుతున్నాయి. అటు పోకుండా ఉండాలంటే తనలాంటి తాగుబోతు ఒకడితో మాట్లాడాలని అతనికి తోచింది. లాబీలో ఉన్న చర్చిల జాబితా పట్టుకుని వరసగా ఫోన్లు చేశాడు. ఒకరు ఇంకొకరి పేరు చెప్పగా, చివరికి హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ ద్వారా తాగుడు మానలేక సతమతమవుతున్న డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను కలిశాడు. పావుగంట మాట్లాడి లేచి వచ్చేద్దామని వెళ్లిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆయన చివరిసారి తాగిన జూన్ 10నే ఏఏ తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది.

ఆ తర్వాత 1939లో వారి పుస్తకం, పన్నెండు మెట్ల పద్ధతి వచ్చాయి. బృందాలు తమను తాము నడుపుకునే పన్నెండు సంప్రదాయాలను 1950లో ఆమోదించుకున్నారు. వాటిలో మీటింగు వెతుక్కునేవాళ్లు తెలుసుకోవలసినవి మూడున్నాయి. చేరడానికి అర్హత ఒక్కటే, మానాలన్న కోరిక. ఫీజు లేదు, బయటివాళ్ల నుంచి చందాలు తీసుకోరు, వచ్చినవాళ్లు ఇష్టమైతే వేసే చిల్లరతోనే అద్దె, టీ ఖర్చు గడుస్తాయి. మూడోది, అక్కడ కలిసినవారి పేర్లు, విన్న సంగతులు బయట చెప్పకూడదు. ఏఏ ఏ ఆస్పత్రికీ, సెంటరుకూ, మందుకూ సిఫారసు చేయదు. "మాది ఏఏ సెంటరు, నెలకు ఇంత కట్టండి" అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే అనుమానించాలి. ఏఏ మీటింగులకు తమ గది ఇచ్చే సెంటర్లు ఉండవచ్చు గానీ, ఏఏ నడిపే సెంటర్లంటూ లేవు.

మన దేశానికి ఈ పద్ధతి 1957 ప్రాంతంలో ఢిల్లీ, బొంబాయిల మీదుగా వచ్చింది. ముంబైలో దేశవ్యాప్త సేవా కార్యాలయం ఉంది. తెలుగునాట హైదరాబాద్, సికింద్రాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి నగరాల్లో బృందాలు నడుస్తున్నాయి. ఎక్కువగా చర్చి ఆవరణల్లో, బడి గదుల్లో, ఆస్పత్రుల పక్క గదుల్లో కలుస్తారు.

ఆ గంటలో ఏం జరుగుతుంది?

మొదటిసారి వెళ్లేవాడి భయమంతా తలుపు దగ్గరే. లోపల నాలుగు వరసల ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద కొన్ని పుస్తకాలు, గోడకు వేలాడే రెండు బ్యానర్లు, ఫ్లాస్కులో టీ. ఎవరూ పేరు నమోదు చేయమనరు, ఆధార్ అడగరు. ఆ రోజు మీటింగు నడిపే సభ్యుడు ఓ చిన్న పరిచయం చదువుతాడు. తర్వాత ఒక్కొక్కరు ఇంటిపేరు లేకుండా పేరు చెప్పుకుని, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెడతారు. లారీ డ్రైవరు, బ్యాంకు మేనేజరు, రిటైరైన హెడ్మాస్టరు, డిగ్రీ మధ్యలో ఆపేసిన కుర్రాడు ఒకే వరసలో కూర్చుంటారు. భార్య తాళి తాకట్టు పెట్టి తాగినవాడు ఆ సంగతి ఏడవకుండా, గొప్పలు పోకుండా చెబుతాడు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డురారు, సలహా ఇవ్వరు, "అలా చేసి ఉండాల్సింది కాదు" అనరు. మాట్లాడాలని లేకపోతే వింటూ కూర్చోవచ్చు. ఏడాది నిండినవాడికి చప్పట్లు కొడతారు. పది రోజుల క్రితం మళ్లీ తాగి వచ్చినవాడికి కూడా కుర్చీ వేస్తారు.

మీటింగుల్లో రెండు రకాలున్నాయి. తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే పరిమితమైనవి కొన్ని. ఇంట్లోవాళ్లు, విద్యార్థులు, డాక్టర్లు ఎవరైనా వచ్చి వినగలిగేవి కొన్ని. తోడు తీసుకెళ్లాలనుకుంటే ముందే కనుక్కోవాలి. కొన్నాళ్లు వచ్చాక, ఎక్కువకాలం మానివున్న ఒకరిని స్పాన్సర్‌గా ఎంచుకుంటారు. రాత్రి పదింటికి నోరు పీకితే ఫోన్ చేయాల్సింది ఆయనకే. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట: ఈ నాలుగింటిలో ఏది ముదిరినా మళ్లీ సీసా దగ్గరకు లాగుతుందని పాతవాళ్లు కొత్తవాళ్లకు పదేపదే చెబుతారు. జీవితాంతం మానతానని ఒట్టు పెట్టించరు. ఈ ఒక్కరోజుకు తాగకుండా ఉండమంటారు. రేపటి సంగతి రేపటి మీటింగులో.

పని చేస్తుందా?

దీనిపై చాలాకాలం వాదం నడిచింది. వచ్చిపోయేవాళ్ల పేర్లే రాసుకోని చోట ఫలితాలు ఎలా లెక్కిస్తారన్నది మొదటి చిక్కు. మానేవాడు ఎలాగూ మానతాడు, అలాంటివాళ్లే మీటింగుకు వస్తారేమో అన్నది రెండోది. వైద్య పరిశోధనలను వడపోసే కాక్రేన్ సంస్థ 2006లో చేసిన సమీక్షలో స్పష్టమైన ఆధారం దొరకలేదంది. అదే సంస్థ 2020లో 27 అధ్యయనాలను, వాటిలోని 10,565 మందిని తీసుకుని మళ్లీ చూసింది. పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించిన రోగుల్లో ఏడాది పాటు బొత్తిగా తాగనివారు 42 శాతం, ఇతర చికిత్సలు పొందినవారిలో 35 శాతం అని తేలింది. తాగే మోతాదు తగ్గడం వంటి ఇతర ఫలితాల్లో ఏఏ మిగతావాటికి దాదాపు సమానం. పైగా ఖర్చు తక్కువ. అంతకుముందు అమెరికాలో 1,726 మందితో జరిగి 1997లో వెలువడిన ప్రాజెక్ట్ మ్యాచ్ అధ్యయనం కూడా, ఏఏ వైపు నడిపించేది సహా మూడు రకాల చికిత్సల మధ్య పెద్ద తేడా లేదని చెప్పింది.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. 42 శాతం అంటే 58 శాతం మంది ఆ ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తాగారన్నమాట. మీటింగు మంత్రదండం కాదు. అయితే కౌన్సెలింగ్ లాంటి ఇతర చికిత్సలతో పోల్చితే తక్కువ కాదు, చవక, జీవితాంతం దొరుకుతుంది. రుడాల్ఫ్ మూస్, బెర్నిస్ మూస్ అనే పరిశోధకులు కొంతమందిని 16 ఏళ్లపాటు గమనించారు. మొదటి ఏడాదిలో ఆరునెలలకు పైగా మీటింగులకు వెళ్లినవారే ఎక్కువగా నిలబడ్డారని వారు చూపారు. అంటే ఫలితం ఎన్నాళ్లు వెళ్లామన్నదాని మీద ఆధారపడి ఉంది. ఎందుకు పనిచేస్తుందన్నదానికి పరిశోధకులు ముందు చెప్పే కారణం స్నేహాలు మారడం. సాయంత్రం ఆరింటికి పిలిచే మనుషులు మారితే, ఆ సాయంత్రం గడిచే చోటు కూడా మారుతుంది.

ఇంకో అధ్యయనం చాలా చిన్నది. నా మటుకు మన రాష్ట్రాలకు అదే ముఖ్యం. 1981లో సిసన్, మాలమ్స్ అనే ఇద్దరు 20 మంది రోగులను రెండు భాగాలు చేశారు. సగంమందికి మీటింగుల సమయాలు, చోట్లు చెప్పి వెళ్లమన్నారు. మిగతా సగంమందికి కౌన్సెలర్ గదిలోంచే ఏఏ సభ్యుడితో ఫోన్ కలిపారు. ఆ సభ్యుడు వెంట తీసుకెళ్తానన్నాడు, మీటింగుకు ముందు మళ్లీ గుర్తు చేశాడు. ఈ రెండో గుంపులో అందరూ వెళ్లారు. చిరునామా మాత్రమే అందుకున్నవారిలో ఒక్కరూ వెళ్లలేదు. అధ్యయనం చిన్నదే గానీ, తర్వాత పెద్ద ఎత్తున చేసినవి కూడా అదే దిక్కు చూపాయి. వణికే చేతిలో చిరునామా చీటీ పెడితే సరిపోదు, ఆ చేయి పట్టుకుని తీసుకెళ్లాలి.

ముందు ఒళ్లు, తర్వాత కుర్చీ

మీటింగుకు వెళ్లాలన్న ఉత్సాహంలో చాలామంది చేసే పొరపాటు, రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఇంట్లోనే మానేయడం. ఏళ్ల తరబడి పొద్దున్నుంచీ తాగేవాడి శరీరం మద్యం ఆగిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులతో తిరగబడుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మనుషులను గుర్తుపట్టక, లేనివి కనబడి, జ్వరంతో కలవరించే దశ వస్తే ప్రాణానికే ముప్పు. దీనికి డయజిపామ్, లొరజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్ వంటి మందులు, థయమిన్ ఇంజెక్షన్లు డాక్టరు చూపులో ఇస్తారు. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు ఆస్పత్రిలోనే మానాలి.

తెలంగాణలో దీనికి ఇంకో మెలిక ఉంది. కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. దాన్ని జనం మందు కల్లు అంటారు. అది తాగేవాడికి తాను కల్లు మాత్రమే మానుతున్నానన్న నమ్మకం. ఒంటికి మాత్రం మత్తుబిళ్లలు ఆగిపోతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం దుకాణాలు ఒక్కసారి మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఫిట్స్‌తో, మతి చెదిరి, రోగులు గుంపులుగా రావడం అందరూ చూశారు. అందుకే వరస ఇలా ఉండాలి: ముందు ఒళ్లు కుదుటపడాలి, ఆ వారంలోనే మీటింగు మొదలవ్వాలి. తర్వాత తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు డాక్టరు రాస్తే వాడుతూ కూడా మీటింగులకు వెళ్లవచ్చు. మందులు వాడేవాడు నిజంగా మానినట్టు కాదని ఏ మీటింగులోనైనా పాత సభ్యుడు అంటే అది ఆయన సొంత అభిప్రాయం, ఏఏ నియమం కాదు.

మనకు అలవాటైన దారులు

మీటింగు అన్న మాట వినని ఊళ్లలో కూడా తాగుడు మానే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న మగవాడు 41 రోజులు చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, ఇరుగుపొరుగు స్వామీ అని పిలవడం, సాయంత్రం భజన, పడిపూజ: రోజంతా ఒక చట్రంలో గడుస్తుంది. చుట్టూ తనలాగే మానివున్న గుంపు, ఆ గుంపు ముందు తప్పలేని మాట, దారి చూపే గురుస్వామి. సహాయక బృందానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. లేనిది 42వ రోజే. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే సీసా తెరిచేవాళ్లను చూడని ఊరు లేదు. పల్లెల్లో పాస్టర్లు నడిపే ప్రార్థన కూడికల్లో మానినవాళ్లూ చాలామందే ఉన్నారు. అక్కడ కూడిక ప్రతి ఆదివారం ఉంటుంది కాబట్టి ఆసరా కొనసాగుతుంది. నమ్మకం ఉన్నవాడికి ఈ దారులు తక్కువవి కావు. మాల తీసే రోజుకు ముందే ఒక మీటింగు చూసి పెట్టుకుంటే ఆ 41 రోజుల కష్టం వృథా కాదు.

దేవుడంటే గిట్టనివారి ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. ఏఏ మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, అయితే ఎవరికి తోచిన రూపంలో వారు తలచుకోమంటుంది. చాలామంది బృందాన్నే తమకన్నా పెద్ద శక్తిగా భావించి సర్దుకుంటారు. గోరా నాస్తిక కేంద్రం నడిపిన విజయవాడలో అలా సర్దుకోలేనివారూ ఉంటారు. అలాంటివారి కోసం 1994లో అమెరికాలో మొదలైన స్మార్ట్ రికవరీ మతం ప్రసక్తి లేకుండా, ఆలోచనలను, కోరికలను సంబాళించుకునే మెళకువల మీద నడుస్తుంది. దాని మీటింగులు ఎక్కువగా ఆన్‌లైన్‌లో, ఇంగ్లిషులో దొరుకుతాయి. తెలుగు మాత్రమే వచ్చినవారికి ఆ తలుపు ప్రస్తుతానికి సగమే తెరిచి ఉంది.

ఇక నిషేధం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. వారిలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. 2019లో ఆంధ్రప్రదేశ్ దుకాణాలను ప్రభుత్వం చేతిలోకి తీసుకుని, డీ అడిక్షన్ కేంద్రాలూ తెరిచింది. 2024లో దుకాణాలు మళ్లీ ప్రైవేటువయ్యాయి. ముప్పై ఏళ్ల ఈ ఊగిసలాటలో చర్చంతా దుకాణం గురించే సాగింది. దూబగుంట విజయానికి మూలం ఆడవాళ్లు రోజూ ఒకచోట కూర్చోవడం. తాగేవాళ్లను కూడా అలా కూర్చోబెట్టాలన్నది ఏ ప్రభుత్వానికీ ముఖ్యమైన పనిగా కనబడలేదు.

గోడమీది ప్రకటనలు

మీటింగు వెతుక్కుంటూ బయల్దేరిన కుటుంబానికి ముందుగా ఎదురయ్యేది గోడ మీద ఫోన్ నంబరు: తాగేవారికి తెలియకుండా మందు మాన్పిస్తాం. ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు. కొందరు ఇంట్లోవాళ్లు డైసల్ఫిరామ్ బిళ్లలు కొని కూరలో కలుపుతారు. ఆ బిళ్ల ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవాడు చనిపోవచ్చు కూడా. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెప్పిన మేరకు వాడేవాడికే అది మందు. చెప్పకుండా పెడితే విషంతో సమానం.

రెండోది డీ అడిక్షన్ సెంటర్లు. మంచివి ఉన్నాయి. రాత్రివేళ వ్యానులో మనుషుల్ని పంపి, కాళ్లూ చేతులూ కట్టి తీసుకుపోయేవీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వ్యసనంతో ముడిపడిన మానసిక స్థితులను తన పరిధిలోకి తెచ్చింది. సెంటరుకు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు ఉండాలి. రోగిని గొలుసులతో కట్టడం నేరం. చేర్చేముందు నమోదు కాగితం చూపమనండి, సైకియాట్రిస్టు ఎన్ని రోజులకోసారి వస్తారో అడగండి, రోగిని కలవనిస్తారా అనీ అడగండి. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి నసిగినా వెనక్కి తిరగండి.

మంచి నమూనా కోసం దూరం పోనక్కర్లేదు. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో టీటీకే ఆస్పత్రి పనిని మొదలుపెట్టారు. ఆస్పత్రికి రాలేని పల్లె జనం కోసం ఆ సంస్థ తమిళనాడులోని మంజక్కుడి గ్రామంలో 15 రోజుల శిబిరాలు పెట్టింది. ఊరిపెద్దలు చోటిచ్చారు, భార్యలకు విడిగా తరగతులు జరిగాయి, శిబిరం ముగిశాక కూడా సిబ్బంది వచ్చి పలకరించేవారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే హానికర స్థాయి తాగుబోతులతో డాక్టర్లు కాని మామూలు కౌన్సెలర్లు నాలుగుసార్ల దాకా మాట్లాడితే ఏమవుతుందో 2017లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. మూడు నెలలకు వారిలో 36 శాతం మంది ప్రమాద స్థాయి నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం అందినవారిలో 26 శాతం. ఈ పనికి పెద్ద ఆస్పత్రే అక్కర్లేదు. ఊళ్లోనే, శిక్షణ పొందిన మామూలు మనిషి చేతులతో జరుగుతుంది.

దూరం, కులం, ఆడవాళ్లు

మీటింగు ఉన్నా చేరుకోలేకపోవడానికి కారణాలు మన సమాజంలోనే ఉన్నాయి. మీటింగులు సాయంత్రం నగరంలో; పల్లెకు ఆఖరి బస్సు ఆ వేళకే. కూలీకి ఆ పూట పని పోతుంది. చిన్న ఊళ్లో ఎవరి రహస్యమూ దాగదు, చర్చి గదిలోకి వెళ్లినా, కమ్యూనిటీ హాలు మెట్లెక్కినా మర్నాడు హోటల్లో చర్చ. తన వాడకట్టు వాళ్లు లేని గదిలో తన ఇంటి సంగతి విప్పడం దళితుడికైనా, పరువుకు బతికే పెద్దకులం వాడికైనా ఒకంతట రాదు.

ఆడవాళ్ల పరిస్థితి మరీ ఇరుకు. తెలంగాణలో తాగే ఆడవాళ్లు వందకు ఏడుగురున్నా మీటింగు గదుల్లో ఒకరిద్దరే కనబడతారు. తాగే మగవాడికి భార్య వెంట వస్తుంది. తాగే భార్యకు పుట్టింటి దారి చూపిస్తారు. వారికోసం ఆన్‌లైన్ మీటింగులు నిజమైన మేలు చేశాయి. కెమెరా ఆపేసి, పేరు మార్చి కూర్చోవచ్చు. కోవిడ్ తర్వాత పెరిగిన ఈ మీటింగులు గల్ఫ్ లేబర్ క్యాంపుల్లోని తెలుగువాళ్లకూ, అమెరికాలో వీసా గుబులుతో పరిచయస్తులకు కనబడకుండా తాగే కుర్రాళ్లకూ అందుబాటులోకి వచ్చాయి. తన మాండలికంలో ఏడ్చుకోగలిగిన చోటు దొరకడం చిన్న సంగతి కాదు.

ఇంట్లోవాళ్ల మీటింగు వేరు. బిల్ విల్సన్ భార్య లూయిస్ తదితరులు 1951లో అల్ అనాన్‌ను ఏర్పరిచారు. పెద్ద నగరాల్లో మనకూ ఉంది. తాగేవాడు మీటింగుకు రానన్నా, అతని తల్లో భార్యో వెళ్లవచ్చు. అతని బాకీలు తీర్చడం, ఆఫీసుకు జ్వరమని అబద్ధం చెప్పడం, సీసాలు వెతికి పారబోయడం మానేసి తన నిద్ర, పిల్లల చదువు ముందు చూసుకోవడం అక్కడ నేర్చుకుంటారు.

వెతికే పద్ధతి

ఇంట్లో గొడవ జరిగిన రాత్రి వెతకడం మొదలుపెడితే కుదరదు. పగటిపూట, తాగని వేళ, ఫోన్లు చేయాలి. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. దగ్గర్లోని చికిత్స, సామాజిక న్యాయ శాఖ నిధులతో నడిచే పునరావాస కేంద్రాల వివరాలు ఇక్కడ అడగాలి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రత్యేక ఆస్పత్రులున్నాయి. అక్కడి సోషల్ వర్కర్‌ను, "ఇక్కడ ఏఏ మీటింగు ఏ రోజు, ఎవరిని కలవాలి" అని సూటిగా అడగండి. ఏఏ బృందాల నంబరు దొరికితే అవతల ఎత్తేది మానిన మనిషే. మాటలు ఇలా ఉంటాయి: "అన్నా, ఈరోజు తాగారా? పర్లేదు, చెప్పండి. వణుకుంటే ముందు డాక్టర్ని చూద్దాం. సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర నేనే ఉంటా, నీలం చొక్కా." తాగి ఉన్నా రావచ్చంటారు, గొడవ చేయకుండా వింటే చాలు.

ఒక్కసారి వెళ్లి నాకు పడలేదని తేల్చేయకండి. బృందానికో తీరు ఉంటుంది: ఒకచోట ముసలివాళ్లు ఎక్కువ, ఒకచోట ఇంగ్లిషు, ఒకచోట భక్తి పాలు ఎక్కువ. కనీసం నాలుగైదు చోట్ల చూసి, ఇంటికి దగ్గరదీ మామూలు బస్సులో వెళ్లగలిగినదీ పట్టుకోండి. ఎంత గొప్ప మీటింగైనా నెలకోసారే వెళ్లగలిగితే లాభం లేదు. డబ్బులడిగినా, పేరు బయటపెట్టినా, డాక్టరు మందులు ఆపమన్నా ఆ చోటు వదిలేయండి.

ఎవరు చేయాలి?

వెతికే భారమంతా తాగేవాడి మీదో, అతని భార్య మీదో వేసి ఊరుకున్నంతకాలం 38 మందిలో ఒకరన్న లెక్క మారదు. సిసన్, మాలమ్స్ చూపిన పని మన ఆస్పత్రులు రేపటినుంచే చేయవచ్చు, ఖర్చు లేదు. కామెర్లతో, ఫిట్స్‌తో చేరిన తాగుబోతును ఇంటికి పంపేరోజు డిశ్చార్జి కాగితంలో మందులతో పాటు మీటింగు రోజు, వేళ రాయాలి. మంచం దగ్గరి నుంచే ఏఏ సభ్యుడితో ఫోన్ కలపాలి. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టుబడినవారికి కుటుంబంతో కలిపి కౌన్సెలింగ్ చేస్తారు. ఆ గదిలోనే మీటింగు మనిషి ఒకరు కూర్చోవచ్చు. పొదుపు సంఘాల ఆడవాళ్లు వారంవారం కలవడం ఊరూరా అలవాటే; మండలానికి ఒక గ్రామ సంఘం భవనంలో వారానికో గంట తాగుడు మానాలనుకునేవారికి ఇస్తే ఆఖరి బస్సు బెడద తీరుతుంది. ప్రభుత్వం పన్నులు కట్టించుకునే ప్రతి మద్యం దుకాణం బోర్డు కింద 14446 నంబరు పెద్ద అక్షరాల్లో రాయించడానికి ఒక్క జీవో చాలు.

సహాయక బృందం అందరినీ మాన్పించదు. అయినా మన ముందున్న దారుల్లో డబ్బు అడగనిదీ, మళ్లీ తాగి వచ్చినా తలుపు మూయనిదీ అది. మీ ఇంట్లో, మీ వీధిలో మానాలనుకునేవారు ఉంటే చిరునామా చెప్పి ఊరుకోకండి. మొదటి మీటింగుకు వెంట వెళ్లండి.